నాలుగు వేళ్ళ పడుగు

పట్టీని ఒంటికి కట్టుకోకూడదని మొదటి రోజే చెప్పారు. గోడకు మేకు కొట్టి దానికి తగిలించాలి. ఆ మేకు పొయ్యికి దూరంగా ఉండాలి, దాని మీద ఎండ పడకూడదు. అలా ఉంటేనే పట్టీలో ఉన్న వెచ్చదనం మన ఇంటిది కాదనీ, ఎక్కడో కొండల్లో ఉన్న మన మనిషిదనీ నమ్మకంగా తెలుస్తుంది.

యుద్ధం వచ్చిన రెండో ఏటికి మా సాలిపేటలో అలాంటి మేకు లేని ఇల్లు లేదు. కొందరు తలుపు వెనక కొట్టుకున్నారు, కొందరు ఉయ్యాల పక్కన కొట్టుకున్నారు. మా కోడలు మంగతాయి అమ్మవారి పటం కింద కొట్టింది. బెత్తెడు వెడల్పు, మూరెడు పొడవు ఉన్న తెల్లటి నూలు పట్టీ. అది వెచ్చగా ఉంటే నా కొడుకు కూర్మారావు బతికి ఉన్నట్టు.

ఆ పట్టీలు నేసింది నేనే.

ఆ నూలును కనిపెట్టింది వేదవల్లి గారు. ఏటి గట్టున ఉన్న ప్రయోగశాలలో పనిచేసేవారు. ఆవిడ దాన్ని యుద్ధం కోసం కనిపెట్టలేదు. నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెల్లో పడుకునే పసికందుల కోసం కనిపెట్టారు. ఒక పోగును నిలువునా రెండుగా చీల్చి, ఒక సగం బిడ్డ కింద పరిచేవారు, రెండో సగం వేరే వార్డులో ఉన్న తల్లి గుండెల మీద ఉంచేవారు. తల్లి ఒంటి వేడి బిడ్డకు చేరేది.

నన్ను పనిలో పెట్టుకున్న రోజు ఆవిడ ఒక పోగు నా వేళ్ళకు చుట్టి పక్క గదిలోకి వెళ్ళారు. కాసేపటికి నా వేళ్ళు చురుక్కుమన్నాయి. వెళ్ళి చూస్తే ఆవిడ రెండో పోగును టీ గ్లాసులో ముంచి నిలబడి ఉన్నారు.

"మధ్యలో తీగేటీ లేదా అమ్మగారూ?" అన్నాను.

"ఏమీ లేదు సూరమ్మ గారూ. ఎంత దూరం తీసుకెళ్ళినా ఒకటి వేడెక్కితే రెండోదీ వేడెక్కుతుంది. ముక్కలు చేసినా అంతే. యంత్రం మగ్గం కుదుపులకు మాత్రం ఆ గుణం పోతోంది. అందుకే మీ చెయ్యి కావాలి."

తరవాత సైన్యం వాళ్ళు వచ్చారు. ఒక సగం సైనికుడి బనీనులో కుట్టారు, రెండో సగంతో ఇంటివాళ్ళకు పట్టీ నెయ్యమన్నారు. వేదవల్లి గారు నాకు ఒకే ఒక్క నియమం పెట్టారు. ఒక మనిషి పట్టీ అయిపోగానే మగ్గం మీద ఒక్క పోగు కూడా మిగల్చకుండా తీసేసి, కొత్త మనిషి నూలుతో పడుగు, అంటే నిలువు పోగులు, మొదటినుంచి ఎక్కించాలి. నేను తలూపాను.

తలూపాను గాని చెయ్యలేదు. మా ఇళ్ళలో మగ్గాన్ని ఖాళీ చెయ్యరు. గుడ్డ కోసినప్పుడు పాత పడుగు నాలుగు వేళ్ళ మేర మగ్గం మీదే ఉంచి, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతుకుతాం. మగ్గం ఖాళీ చేసేది నేతగాడు పోయిన రోజునే. మా ఆయన పోయిన నాడు ఆయన మగ్గాన్ని అలా చూశాను. సైన్యంలోకి వెళ్ళే పిల్లల పట్టీలను ఖాళీ మగ్గం మీద ఎలా మొదలుపెడతాను? నాలుగు వేళ్ళే కదా, దానివల్ల ఎవరికేం నష్టం అనుకున్నాను. అలా నేను నేసిన ప్రతి పట్టీకీ మొదట్లో నాలుగు వేళ్ళు అంతకు ముందు మనిషి నూలు వచ్చేది.

అప్పటికి ఇంకా యుద్ధం రాలేదు, సైన్యం ఒక్కటే. ఏటికి ఎగువన ఉన్న కుర్రాళ్ళూ దిగువన ఉన్న మా కుర్రాళ్ళూ మా మగ్గం పాకకే వచ్చి ఛాతీ కొలత ఇచ్చి వెళ్ళేవారు. కూర్మారావుకు ముందు కొలత ఇచ్చినవాడు ఎగువ నుంచి వచ్చిన సన్యాసి. సన్నటి కుర్రాడు. టేపు తగిలితే గిలిగింతలని మెలికలు తిరిగి నవ్వాడు. వెంట తల్లి వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన బెల్లం అటుకులు మా అందరికీ పెట్టి, వెళ్ళేముందు నేసిన గుడ్డ చుట్టుకునే నా మగ్గం దోనె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆవిడ మా సాలివాళ్ళలో మనిషి కాదు. మగ్గానికి దణ్ణం పెట్టాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆరు నెలలకు ఏటి మీద ఆనకట్ట గొడవ ముదిరింది. దేశం రెండుగా చీలింది, సైన్యమూ చీలింది, యుద్ధం వచ్చింది. ఎగువ వాళ్ళ జెండా వేరు, మన జెండా వేరు అన్నారు. కూర్మారావు ఇటు ఉండిపోయాడు. సన్యాసి అటు వెళ్ళిపోయాడు.

*

పట్టీ వేడి అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటు కూడా పోతుందని ఆడవాళ్ళే కనుక్కున్నారు. మంగతాయి రోజూ పొద్దున్నే అన్నం గిన్నెకు అరచేతులు ఆనించి, ఆ వేడి చేతుల్తో పట్టీని గట్టిగా పట్టుకునేది. కాసేపటికి అటునుంచి జవాబు వచ్చేది. సైనికులందరిలాగే కూర్మారావూ టీ గ్లాసు గుండెలకు ఆనించుకునేవాడు. రూపాయి బిళ్ళంత మేర పట్టీ వేడెక్కేది.

"టీ తాగేసినాడత్తా," అనేది. ఆ మాట వినే దాకా నేను గంజి తాగేదాన్ని కాదు.

మూడో ఏడు కార్తీకంలో ఒక మంగళవారం ఉత్తరం వచ్చింది. ప్రయోగశాల పుస్తకంలో రోజూ అంకెలు రాయాలని వేదవల్లి గారు నాకు అక్షరాలు నేర్పారు. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. నాకు నేనుగా చదివిన మొదటి ఉత్తరం అదే. గౌర కనుమ దగ్గర యాభై ఇద్దరు పోయారనీ, వాళ్ళలో కూర్మారావు ఉన్నాడనీ, దేహం దొరకలేదనీ ఉంది. మూడుసార్లు చదివాను. నేను తప్పు చదివానేమోనని నాలుగోసారి కూడా చదివాను.

పట్టీ అంతకు రెండు రోజుల ముందే చల్లబడింది. మంగతాయి నాతో అనలేదు. నేనూ ముట్టుకుని తెలుసుకుని, తనతో అనలేదు.

తెల్లారి ఆమె నన్ను కేకేసింది.

"అత్తా, ఇటు రా. ఇక్కడ ముట్టుకో."

"సల్లగుందే తల్లీ."

"అక్కడ కాదు. ఈ సివర."

చివర వెచ్చగా ఉంది. నాలుగు వేళ్ళ మేర.

"ఉన్నాడు," అంది. "దెబ్బ తగిలి పడుంటాడు. బనీను సిరిగిపోయి ఈ కొస ఒక్కటీ ఒంటికి ఆని ఉంటాది. నాను సేతులు ఏడి సేసి పట్టుకున్నాను. జవాబు ఇచ్చినాడు. టీ జవాబే."

"మరి ఈ కాయితం?"

"కాయితం మనుషులు రాస్తారు. ఇది అమ్మవారు సెప్తంది."

వెచ్చదనం ఎక్కడ ఆగిందో అక్కడ వరసగా సన్నటి అతుకులు ఉన్నాయి. నేను అతికినవే. ఆ వెచ్చదనం ఎవరిదో నాకు అప్పుడే తెలిసింది. నేను చెప్పలేదు. ఆమె మంగళవారాలు ఉపవాసం ఉంది. కూర్మారావు తిరిగొస్తే అమ్మవారికి తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. నుదుట బొట్టు రోజూ కాస్త పెద్దదిగానే పెట్టుకుంది. బోరు దగ్గర ఆడవాళ్ళు ఆమె వెనక గుసగుసలాడేవారు. నేను రెండు నెలలు చెప్పలేదు.

*

చివరికి వేదవల్లి గారికి చెప్పాను. అప్పటికి ప్రయోగశాల గుమ్మంలో తుపాకీ మనిషి ఉండేవాడు. ఆవిడ పుట్టింది ఎగువన. పోగును చీల్చడం ఇంకెవరికీ చేతకాదు కాబట్టి ఆవిడను ఉండనిచ్చారు. ఆవిడ మంచం కూడా లోపలే వేసుకున్నారు.

చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్ని పట్టీలు అలా నేశారు?"

"నాను నేసినవన్నీ అమ్మగారూ. మూడొందలకు పైమాటే."

ఆవిడ లెక్కల పుస్తకం దగ్గరికి లాక్కుని పేజీలు వెనక్కి తిప్పారు. తరవాత చిన్నగా నవ్వారు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే.

"మూడేళ్ళుగా లెక్కలో తేడా వస్తోంది. నా సిద్ధాంతమే తప్పేమోనని నిద్రపోలేదు. మీరేమో మూడొందల మందిని ఒకరి కొసకు ఒకరిని అతికి కూర్చున్నారు."

"తప్పయిపోనాది."

"నేను చెప్పినట్టు చేసి ఉంటే లెక్క సరిపోయేది."

"అమ్మగారూ, పట్టీని నిప్పుల్లో పెడితే అక్కడి మనిషికి ఏటవుతాది?"

ఆవిడ కళ్ళజోడు తీసుకుని అద్దాలు తుడిచారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు.

"ఈ ప్రశ్న ఇంకెవరి దగ్గరా అడగకండి సూరమ్మ గారూ. బిడ్డ తల్లి వేడికి నిద్రపోవాలని చేశాను దీన్ని."

"మరి మా కోడలికి సెప్పమంటారా?"

"నూలు గురించి అడగండి, చెప్తాను. ఇది మీ ఇద్దరిదీ."

*

మర్నాడు పొద్దున పెరట్లో పడుగుకు పట్టించే గంజి కాగుతోంది. పెద్ద డేగిసా. మంగతాయి కర్రతో తిప్పుతోంది. పట్టీని రవికెలో పెట్టుకుని ఉంది, అది కొత్త అలవాటు. నేను పక్కన కూర్చుని అతుకుల సంగతి మొదటినుంచి చెప్పాను. ఆమె తిప్పడం ఆపలేదు.

"మరి రోజూ జవాబిచ్చింది?"

"ఆ సన్యాసే. నువ్వు పట్టుకున్నప్పుడల్లా మొదటినుంచీ ఇద్దరికీ సేరేది. ఆడూ అప్పటినుంచీ జవాబు ఇస్తన్నట్టున్నాడు."

"కొలతకి గిలిగింతలని నవ్వినాడని సెప్పినావు, ఆ గుంటడా?"

"ఆడే."

కర్ర డేగిసా అంచుకు ఆనించి, రవికెలోంచి పట్టీ తీసింది. అతుకుల మీద వేలితో రాసి చూసింది. ఆమె కూడా సాలివాళ్ళ పిల్లే. రెండు నెలలుగా రోజుకు పదిసార్లు పట్టుకున్న పట్టీ మీద ఆ అతుకులు ఆమెకు తెలియకుండా ఎలా ఉంటాయని అప్పుడు అనిపించింది.

"నీకు ముందే తెల్సా?" అన్నాను.

"అతుకు సూసినాను. నువ్వు ఏటీ అనలేదు కదా. నువ్వు అనే దాకా ఉన్నాడనుకోవొచ్చని ఊరుకున్నాను."

అదే సమయానికి నీలాచలం వచ్చాడు. మా ఆయనకు చిన్నాన్న కొడుకు. పడుగులు తియ్యడంలో పేటకంతా పెద్ద చెయ్యి, ఇప్పుడు యుద్ధ కమిటీకి పెద్ద. చల్లబడిన పట్టీలు కమిటీ తీసుకుని, కూడలిలో నిలబెట్టిన రాతి మీద పేరు చెక్కిస్తుంది. అందరికంటే ముందు తన కొడుకు పెంటయ్య పట్టీ తనే తెచ్చి ఇచ్చాడు. పేట మొత్తం మీద ఇవ్వకుండా మిగిలింది మా ఇల్లే.

"అమ్మా మంగతాయీ, నాలుగోసారి వొచ్చినాను. కూర్మిగాడి పేరు రాతి మీద లేకపోతే మనకే తలవంపులు. ఇచ్చీ తల్లీ."

ఆమె చేతిలోంచి తనే తీసుకున్నాడు. తీసుకోగానే అతని బొటనవేలు కొస మీద ఆగింది. పట్టీని వెలుతురుకు పట్టి చూశాడు. నేతగాడి కంటికి అది అర్థం కావడానికి ఎంతసేపు?

"వదినా. ఇది నీ అతుకే."

"నాదే."

"కూర్మిగాడికి ముందు ఎవులు?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "ఎగువోడు. సన్యాసని."

అతను పొయ్యి వైపు చూశాడు. డేగిసాలో గంజి బుడగలు వేస్తోంది. ఒక మనిషి మనసులోకి ఆలోచన రావడం నేను కళ్ళారా చూశాను.

"ముంచీ," అన్నాడు మంగతాయితో, గొంతు తగ్గించి. "ఇందులో ముంచీ తల్లీ. నీ మొగుణ్ణి సంపినోళ్ళకి నువ్వు ఇక్కణ్ణుంచే బదులు సెప్పొచ్చు."

"ఆడే సంపినాడని నీకెవులు సెప్పినారు?" అన్నాను.

"ఆడు కాదని నువ్వు సెప్పగలవా వదినా?"

"సెప్పలేను."

"ఆడి సేతిలో తుపాకీ ఉంది కదా?"

"కూర్మిగాడి సేతిలోనూ ఉండేది."

"కమిటీ మైకులో రోజూ మాటాడతన్నాను. మన నీళ్ళు, మన నేల అని. ఇంటికెళ్తే మేకు ఒక్కటీ ఉంటంది. పట్టీ లేదు. మేకు పీకుదామంటే మీ సెల్లెలు పీకనివ్వదు." అతను పట్టీని మంగతాయి ముందుకు చాపాడు. "ఒక్కడంటే ఒక్కడికైనా కాలనీ."

మంగతాయి లేచి నిలబడింది. "నాను ముంచలేను సినమావా. పట్టీ నీ సేతిలోనే ఉంది. ముంచుతావా, ముంచు. నాను అడ్డురాను."

నేను అడ్డుపడదామని లేవబోయాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

నీలాచలం డేగిసా దగ్గరికి వెళ్ళి పట్టీని ఆవిరి మీదికి చాపాడు. కొసను కిందికి వేలాడదీశాడు. గంజికీ దానికీ మధ్య జానెడు కూడా లేదు. కొండల మీద ఒక కుర్రాడి ఛాతీ అప్పటికే ఆ ఆవిరికి వెచ్చబడుతూ ఉంటుంది. ఇవాళ ఇంత ఆలస్యంగా పంపారేమిటా అనుకుంటూ ఉంటాడు.

నీలాచలం ఉలిక్కిపడి కొసను ఆవిరిలోంచి లాగి అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేటిది? మద్దెలో ఒక్క సోటే కాలతంది."

"టీ తాగతన్నాడు," అంది మంగతాయి.

"ఏటి?"

"మనం ఏడి పంపితే అందిందని గ్లాసు ఆనిస్తాడు. ఇప్పుడు ఆవిరి తగిలింది కదా. నానే అనుకున్నాడు."

బిళ్ళంత వేడి అతని అరచేతిలో ఆరిపోయింది. అతను చెయ్యి మూసుకోలేదు, తియ్యలేదు. అలాగే చూస్తూ ఉన్నాడు.

"మల్లీ వొచ్చింది," అన్నాడు కాసేపటికి.

"మనం జవాబు ఇయ్యలేదు కదా. రెండోసారి అడుగుతన్నాడు."

"ఏటని అడుగుతన్నాడు?"

"ఎవులున్నారని."

నీలాచలం పట్టీని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తన కొడుకు పట్టీకి ఎన్నడూ అలా చెయ్యలేదని నాకు తెలుసు. అవన్నీ ఆడవాళ్ళ పనులని అనేవాడు. కొస మీద రెండు అరచేతులూ మూసి, తలొంచుకుని, గంజి పొంగు పొయ్యిలో పడి చుయ్యిమనే దాకా నిలబడ్డాడు. తరవాత పట్టీని మంగతాయి భుజం మీద వేశాడు.

"గంజి అడుగంటతంది. సూసుకోండి," అన్నాడు.

వీధి గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "ఈ ఇంటి పట్టీ సల్లబడినట్టు, ఇచ్చినట్టు రాసుకుంటాను. అతుకుల సంగతి నాను సూడలేదు. నువ్వూ ఎవులికీ సెప్పకు వదినా. నాలాంటోళ్ళు పేటలో శానామంది ఉన్నారు."

*

ఆ రోజు మంగతాయి ఏడ్చింది. రెండు నెలల ఏడుపు ఒక్కరోజే వచ్చింది. పేట ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. బొట్టు గురించి వాళ్ళలో ఎవరో ఎత్తబోతే నేను ఊరుకోమన్నాను. నా బొట్టు చెరిపిన రోజు నన్నెవరూ అడగలేదు. ఆమెది ఆమె ఇష్టం.

సాయంత్రం అందరూ వెళ్ళాక మంగతాయి కత్తెర తెచ్చింది.

"అతుకు కాడ కోస్తే ఈ కొస సెడిపోతాదా అత్తా?"

"పోదు. ముక్క సేసినా అంతేనంట."

కూర్మారావు భాగం మడత పెట్టి, అతని పెళ్ళి పంచె మధ్యలో పెట్టి పెట్టె మూసింది. మిగిలిన నాలుగు వేళ్ళ ముక్కను అమ్మవారి పటం కింద మేకుకే తగిలించింది. అమ్మవారికి దణ్ణం పెట్టుకోలేదు. అలాగని పటం తీసెయ్యలేదు. ఎదురుగా కూర్చుని, కోపం వచ్చిన ఆడపడుచును చూసినట్టు చూసింది.

దీపం పెట్టే వేళ అయ్యింది. ఆమె లేచి ముక్కను ముట్టుకుని నన్ను పిలిచింది.

"ఇది నాకెప్పుడూ తెలీలేదత్తా. సందేళ ఒకసారి వొస్తది. మా ఆయన సందేళ ఎప్పుడూ పంపలేదు. టీ ఏడి కూడా కాదు, సూడు."

చూశాను. మధ్యలో బిళ్ళలా లేదు. ముక్క అంతా మెల్లగా, ఒకే తీరుగా వెచ్చబడుతోంది. తొందర లేదు. సన్యాసి పట్టీలో పెద్ద భాగం ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. ఏటికి అవతల, ఎగువన, ఏదో ఇంట్లో, ఇలాంటి మేకుకే వేలాడుతూ ఉంటుంది. ఇంత నెమ్మదిగా చెయ్యి ఆనించే మనిషిని నేను ఒక్కసారే చూశాను. నా మగ్గం దోనె మీద.

"ఆళ్ళమ్మ," అన్నాను.

మంగతాయి ముక్కను మళ్ళీ ముట్టుకుంది. "రెండేళ్ళుగా పొద్దున్నపూట ఎవులో తన కొడుక్కి ఏడి పంపతన్నారని ఆవిడికీ తెలుస్తాది కదత్తా. ఎవులనుకుంటాదో."

"ఏమో. దేవుడనుకుంటాదేమో."

అంత ఏడుపు మొహంతోనూ ఆమె పెదవి కొద్దిగా వంగింది. ఆ వచ్చిన వెచ్చదనం తగ్గుతూ ఆగిపోయింది, ఎప్పుడూ ఉండే వెచ్చదనమే మిగిలింది. అక్కడ ఆవిడ చెయ్యి తీసి ఉంటుంది. మంగతాయి దీపం సెమ్మె పక్కన అరచెయ్యి వెచ్చబెట్టుకుని, ఆ నాలుగు వేళ్ళ ముక్క మీద ఆనించి, మెల్లగా ఊపిరి పది లెక్కపెట్టేంత సేపు ఉంచి తీసింది.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. దీపం ఒత్తి ఒకసారి చిటపటలాడింది.

తరవాత అటునుంచి ఆ నెమ్మది వెచ్చదనమే వచ్చింది. ఒకసారి వచ్చి ఆగి, మళ్ళీ రెండోసారి.